పోతమ్మ గంప, కృపావతి జెల్లీ

బస్సు కండక్టరు మీద పోతమ్మ గెలిచిన తగువు డెబ్భై నాలుగో సంవత్సరంలోది. వన్ టౌన్ నుంచి గాజువాక పోయే పొద్దుటి బస్సు. వెనక తలుపు దగ్గర చేపల గంప పెట్టుకుని, దానికి ఆనుకుని పోతమ్మ కూర్చుంది. గంప మీద తడి గోనె కప్పి ఉంది. గోనె కింద ఏముందో ఎత్తి చూడక్కర్లేదు, బస్సులో ముక్కున్న ప్రతివాడికీ తెలుస్తూనే ఉంది.

"నిన్న చెప్పేను, మొన్న చెప్పేను. ఇది ఆఫీసులకెళ్ళేవాళ్ళ బస్సు. దిగు," అన్నాడు కండక్టరు. ఉద్యోగం కొత్త, మీసమూ కొత్తే.

"దిగిపోతాను బాబూ, నాకేటి మొండితనమా? మోసి మోసి సేతులు పడిపోనాయి. గంప నువ్వు దించీ. నీ ఎనకాలే నాను దిగిపోతాను."

మూడో సీట్లోంచి ఒక తెల్లచీర మనిషి ముక్కు మీద చేతిగుడ్డ తియ్యకుండానే, "దింపెయ్యండి బాబూ, కడుపులో తిప్పుతోంది," అని కండక్టరుకు వంత పాడింది.

కండక్టరు టిక్కెట్ల సంచి వీపు మీదకి తోసుకుని గంపని రెండు పక్కలా పట్టుకున్నాడు. మొదటిసారి ఒక పక్క లేచింది, రెండో పక్క లేవలేదు. రెండోసారి రెండు పక్కలూ బెత్తెడు లేచి, మళ్ళీ వాటి చోటికి అవి వచ్చేశాయి. మూడోసారి గంప కదల్లేదు గానీ కండక్టరు నడుంలో ఏదో కటుక్కుమంది. అతని మొహం ఆ ఎర్రబస్సుతో పోటీ పడింది. బస్సులో ఒకడు నవ్వాడు, తరవాత పదిమంది నవ్వారు. డ్రైవరు వెనక్కి తిరిగి, "ఒరే బావ, గంప దిగుద్దా, నువ్వు దిగుతావా? ఏదో ఒకటి తేల్చు, లేటయిపోతంది," అని అరిచాడు.

పోతమ్మ లేచింది. ఏదో చిన్నపిల్లని పక్కకి జరిపినట్టు గంపని ఒక్క ఊపుతో సీటు కిందకి లాగింది. "పోనీలే బాబూ, నువ్వెత్తలేకపోనావని డిపోలో సెప్పను. రైటను," అంది.

కండక్టరు రైటన్నాడు.

గాజువాకలో బస్సు దిగాక పోతమ్మ మళ్ళీ గంప ముందు నిలబడి అటూ ఇటూ చూసింది. తలకెత్తుకునే గంపలతో వచ్చిన చిక్కే అది. ఎంత బలమున్న ఆడదైనా మోయడం ఒక్కతీ మోస్తుంది, నెత్తి మీదకి ఎత్తుకోవడం మాత్రం ఒక్కతి వల్ల కాదు. ఎదురుగా ఒక మనిషి నిలబడి, రొమ్ము దాకా ఎత్తిపెట్టి, "ఊఁ" అనాలి. అప్పుడు మోసే మనిషి తల కిందకి దూర్చుతుంది. దాన్నే చెయ్యి వెయ్యడం అంటారు. రేవులో పగవాడి పెళ్ళామైనా సరే, అడిగితే చెయ్యి వేసి తీరాలి. వెయ్యకపోతే ఆ మనిషి మనిషే కాదు.

పక్కనే దిగిన తెల్లచీర మనిషిని పోతమ్మ అడిగింది. "అమ్మా, కాసింత సెయ్యెయ్యి."

"నాకు నడుం పట్టేసింది," అంది ఆ తెల్లచీర. అని, ఆ పట్టేసిన నడుంతోనే ముప్పై అడుగుల రోడ్డు మూడంగల్లో దాటేసింది. చివరికి సోడాబండివాడు వచ్చి చెయ్యి వేశాడు.

ఆ తెల్లచీర మనిషి పేరు కృపావతి. వన్ టౌన్‌లో ఒక మిషన్ ఆసుపత్రిలో ఆయా. చదువు మూడో తరగతి, గర్వం మాత్రం బీయే. ఇది రాస్తున్నది ఆవిడే. "నేను" అని మొదలెడితే గొప్పలు తప్ప మరోటి రాదని తెలుసు గనక, పరాయి ఆడదాని సంగతి చెప్పినట్టు చెప్పుకుంటోంది. పరాయిదాని తప్పులైతే ఒక్కటీ మర్చిపోకుండా గుర్తుంటాయి కదా.

ఆ తగువు తరవాత పోతమ్మని కృపావతి మర్చిపోదామనుకుంది గానీ, పోతమ్మ మర్చిపోనివ్వలేదు. వారానికి మూడు రోజులు వన్ టౌన్ సందుల్లోకి కేక వేసుకుంటూ వచ్చేది. ఆ కేక గోడలు దాటి, తలుపులు దాటి, చర్చిలో ప్రార్థన చేసుకుంటున్న వాళ్ళ కళ్ళు కూడా తెరిపించేది. ఆమె బొటనవేలితో చేప పొట్ట ఒక్కసారి మెల్లిగా తాకి, "ఇది రాత్రిది, ఇది తెల్లారుజాముది," అని చెప్పేసేది. చచ్చు చేపని మంచిదని అమ్మిన పాపాన పోలేదు. కానీ మంచి చేపని చచ్చుదన్న మనిషికి మాత్రం ఆ నెలంతా చేప ఇచ్చేది కాదు. కృపావతికి ఆ ఒక్క ఏడాదిలోనే నాలుగు నెలలు చేప లేకుండా గడిచాయి.

పోతమ్మ మొగుడు చలమయ్య తెప్ప మీద మంచి మొనగాడు, నేల మీద మాత్రం ఫర్లాంగు నడిస్తే ఆయాసపడేవాడు. కామెర్లొచ్చి పోయాడు. అప్పటికి కొడుకు పోలిరాజుకి పదేళ్ళు. ఆ గంప మీదే పోతమ్మ వాణ్ణి పెంచింది, ఐటీఐ చదివించింది, స్టీల్ ప్లాంటులో వెల్డరు చేసింది, సీతాలుతో పెళ్ళి చేసింది. ఫిషింగ్ హార్బరు కట్టాక తెప్పలు వెనక్కి వెళ్ళి, మర బోట్లు ముందుకొచ్చాయి. పోతమ్మ మాత్రం అదే గంప, అదే నడక. ఎనభై ఆరో సంవత్సరం వచ్చేసరికి ఆమెకి అరవై ఏళ్ళు దాటాయి. ఒళ్ళు ఎండిన సావిడాయి చేపలా సన్నం. చూసినవాళ్ళకి గంప నడిచి వస్తోంది, కింద మనిషుందా అనిపించేది.

కృపావతికి అప్పుడు యాభై ఏడు. ఒళ్ళు ఎలా ఉందంటే, ఆసుపత్రిలో పాత స్టూళ్ళు రెండు ఆవిడ కూర్చున్నందుకే విరిగాయని మేట్రన్ విమలమ్మ గారు పుస్తకంలో రాసుకున్నారు. కృపావతి ఆ ఒంటిని చూసి మురిసిపోయేది. "ఇది తిన్న ఒళ్ళు. బలం," అని తొడ మీద చరుచుకుని చెప్పేది. చరిచిన చెయ్యి తీశాక కూడా తొడ కాసేపు ఊగేది. అది కూడా బలమే అనుకునేది.

ఆ ఏడాదే ఆసుపత్రికి స్కానింగు మిషను వచ్చింది. చీకటిగదిలో చిన్న టీవీ పెట్టె, దానికొక తీగ, తీగ చివర గుప్పిట్లో పట్టే తెల్లటి పిడి. కడుపులో బిడ్డని చూడ్డానికని తెచ్చారు. కానీ మద్రాసులో చదివొచ్చిన డాక్టరు శుభాకర్ దానితో ముసలాళ్ళ తొడలు చూడడం మొదలెట్టాడు. వయసు ముదిరే కొద్దీ కండ ఎంత తరుగుతుందో, కొవ్వు ఎంత పెరుగుతుందో కోయకుండా, గుచ్చకుండా పైనుంచే కొలవచ్చునట. కష్టం చేసే ఆడవాళ్ళు కొందరు, కుర్చీలో కూర్చునే ఆడవాళ్ళు కొందరు కావాలన్నాడు. ఊళ్ళో వాళ్ళు, "కడుపులో బిడ్డని చూసే మిషనుతో ముసల్దాని తొడలో ఏం వెతుకుతాడమ్మా?" అని నవ్వారు. అందరికన్నా ఎక్కువ నవ్వింది కృపావతే. ఆ గదికి ఆయాగా వేసింది కూడా ఆవిణ్ణే.

గదిలో కృపావతి పని ఒక్కటే, తొడ మీద జెల్లీ రాయడం. పిడికీ చర్మానికీ మధ్య గాలి ఉంటే బొమ్మ పడదు. అందుకని జెల్లీ దట్టంగా ఉండాలి, పిడి దాని మీద తేలాలి. డాక్టరు ఇదంతా మొదటిరోజే చెప్పాడు. కానీ అదే రోజు విమలమ్మ గారు కూడా ఒక మాట చెప్పారు. "డబ్బా మద్రాసు నుంచి రావాలి కృపావతీ, క్రిస్మస్ దాకా ఇదే."

రెండు మాటల్లో కృపావతికి రెండోదే చెవికెక్కింది. జెల్లీ డబ్బాని తన వంటింట్లో నెయ్యి గిన్నెలా చూసుకోవడం మొదలెట్టింది. బంగారు గాజులేసుకుని వచ్చే ఆఫీసర్ల భార్యలకి మూడు వేళ్ళతో తీసి రాసేది. నర్సుల చుట్టాలకి రెండు వేళ్ళు. రేవు ఆడవాళ్ళకి చిటికెన వేలు. "సముద్రంలో నానిన మనుషులు, వీళ్ళకి తడెందుకు?" అని తనకి తనే న్యాయం చెప్పుకునేది. దేవుడు ఒకవేళ జెల్లీ గురించి అడిగితే చెప్పడానికి సంజాయిషీ కూడా సిద్ధంగా ఉంచుకుంది.

పోతమ్మ ఆ గదికి సరదాకి రాలేదు. వర్షాకాలంలో హార్బరు మెట్ల మీద పాచికి కాలు జారి గంపతో సహా పడింది. ఎముక విరగలేదు గానీ కొడుక్కి సందు దొరికింది. పోలిరాజుకి స్టీల్ ప్లాంటు క్వార్టరొచ్చింది, కాపురం మాత్రం ఇంకా రేవులోనే ఉంది. తనతో పనిచేసేవాళ్ళ గుమ్మాల ముందే తల్లి "సేపలో" అని కేకేస్తోంది. ఆ సంగతి వాడు నోటితో అనలేడు. అందుకని, "నీ కాళ్ళల్లో బలం అయిపోయిందే అమ్మ, గంప దించీ," అని రోజూ పోరేవాడు.

చివరికి ఇద్దరూ ఆసుపత్రికి వచ్చారు. పోతమ్మ బల్లెక్కే ముందే తేల్చి చెప్పింది.

"డాకటరు బాబూ, నా కొడుకు నా కాళ్ళు అయిపోనాయంతన్నాడు. నాను లేదంతన్నాను. మా ఇద్దరికీ మద్దిన నీ మిసనుంది. కండ తక్కువుందంటే గంగమ్మ తల్లి మీద ఒట్టు, రేపే గంప దించేత్తాను. ఉందంటే మాత్రం ఈడు నా గంప ఊసెత్తకూడదు."

"ఒట్టే?" అన్నాడు పోలిరాజు.

"నీలాగ మాట మార్సడానికి నాను ఐటీఐ సదవలేదురా."

కృపావతి చిటికెన వేలు డబ్బాలో ముంచింది. బస్సు, కండక్టరు, ఆ నాలుగు నెలల చేపలు అన్నీ ఆ వేలికి గుర్తొచ్చినట్టున్నాయి. సగం విదిలించేసి, మిగతా సగం పోతమ్మ తొడకి బొట్టు పెట్టినట్టు పెట్టింది.

డాక్టరు టీవీ వైపు చూస్తూ పిడి ఆనించాడు. బొమ్మ మసకగా ఉంది. ఇంకాస్త నొక్కాడు.

"నొక్కకు బాబూ, నొప్పెడతంది."

"కనపడ్డం లేదమ్మా, ఒక్క నిమిషం," అని ఇంకా నొక్కాడు. బొమ్మ వచ్చింది. గీతలు కొలిచాడు. "కండ ఒకటీ పాయింటు తొమ్మిది సెంటీమీటర్లు. ఈ వయసు వాళ్ళలో తక్కువే."

"అంటే బలం లేనట్టే కదండీ?" అన్నాడు పోలిరాజు.

"తక్కువుంది. జాగ్రత్తగా ఉండాలి," అన్నాడు డాక్టరు. ఆయన దృష్టిలో అది మామూలు మాట.

పోతమ్మ బల్ల దిగింది. ఏడవలేదు, తిట్టలేదు. నోరు లేని పోతమ్మని కృపావతి చూడడం అదే మొదలు. ఆమె బయటికెళ్ళి, వరండాలో కూర్చున్న కోడలు సీతాలు చేతిలో తన చుట్టకుదురు పెట్టింది. ఆ పాతగుడ్డ చుట్ట నలభై ఏళ్ళుగా ఆమె నెత్తికీ గంపకీ మధ్య ఉన్నది. "ఇంక నువ్వే," అని ఒక్క మాటంది. కొడుకు గెలిచాడు గానీ, గెలిచినవాడి మొహంలా లేదు వాడి మొహం.

ఆ సాయంత్రం గది ఖాళీగా ఉంటే, "నాది కూడా చూడండి డాక్టరుగారూ," అంది కృపావతి. తన తొడకి తనే జెల్లీ రాసుకుంది. ఎన్ని వేళ్ళో లెక్క లేదు, అరచెయ్యే ముంచింది. పిడి పల్లకీలో ఊరేగినట్టు తేలింది. టీవీలో పైన వెడల్పుగా ఒక నల్లటి పట్టీ, దాని కింద చారలతో సన్నటి పట్టీ, అట్టడుగున తెల్లటి గీత కనిపించాయి. డాక్టరు, "పైది మూడూ నాలుగు," అన్నాడు. ఆ మీద ఇంకేదో చెప్పబోయాడు గానీ కృపావతి అప్పటికే చీర సవరించుకుంటోంది. పోతమ్మ కండ ఒకటీ తొమ్మిది, తనది మూడూ నాలుగు! ఇంకేం వినాలి?

మిషను బొమ్మ కాగితం మీద దింపి ఇస్తే, దాన్ని బైబిల్లో కీర్తనల మధ్య పెట్టుకుంది. ఆదివారం చర్చి బయట అప్పలమ్మకి చూపించింది, కాశమ్మకి చూపించింది, పాస్టరుగారి భార్యకి చూపించింది. "ఇదిగో, ఈ వెడల్పాటిది కండ. మూడూ నాలుగు. గంప మోసే పోతమ్మకే రెండు లేదు తెలుసా?" పాస్టరుగారి భార్య తొడ బొమ్మని బైబిల్లోంచి తీసి చూపించే మనిషిని మొదటిసారి చూస్తున్నట్టు చూసి, "దేవుడికి స్తోత్రం," అని తప్పుకుంది.

నెలరోజులు గడిచాయి. సందుల్లో పోతమ్మ కేక ఆగిపోయింది. ఆ చోట సీతాలు వచ్చేది. గంప నెత్తిన పెట్టుకుని, మెడ బిగపట్టుకుని, కళ్ళ నీళ్ళతో, వినపడీ వినపడకుండా "సేపలు" అనేది.

"మీ అత్త ఏం చేస్తోందే?" అని కృపావతి ఒకసారి అడిగింది.

"గోడకి కూకుంటాది ఆయమ్మా. తినమంటే తింటాది, లేదంటే నేదు. పొద్దున్న నాలుగ్గంటలకి లెగిసి కూకుని, హార్బరు కాడ బోట్ల సప్పుడు ఇంటాది. మా ఆయన పలకరిస్తే మాటాడదు. నాకు మెడ ఇరిగిపోతంది. నాకు సేపలెండబెట్టడం వచ్చు గానీ, ఈ మొయ్యడం నా వల్ల కాదు."

ఆ మాట కృపావతికి ఎక్కడో గుచ్చుకుంది. అదేదో కండలో గుచ్చుకుని ఉంటే నొప్పి తెలిసేది. పైపట్టీలో గుచ్చుకున్నట్టుంది, లోపలికి దిగడానికి ఇంకో వారం పట్టింది.

ఆ వారం డాక్టరు శుభాకర్ మొదట కొలిచిన ఇరవైమందినీ మళ్ళీ పిలిపించాడు. "అదే మనిషి, అదే తొడ. నెలలో కొలత మారకూడదు. మారిందంటే తప్పు నా చేతిది," అన్నాడు. కొలిచిన కొద్దీ తల గోక్కోవడం మొదలెట్టాడు. బంగారు గాజులవాళ్ళ కొలతలు రెండుసార్లూ కవల పిల్లల్లా ఉన్నాయి. రేవు ఆడవాళ్ళవి మాత్రం ఒకరోజు అటు, ఒకరోజు ఇటు గెంతుతున్నాయి.

"ఆయమ్మా, జెల్లీ అందరికీ ఒకేలాగ రాస్తున్నారా?"

"ఒకేలాగేనండి. దేవుడు చూస్తున్నాడు," అంది కృపావతి. దేవుడు నిజంగా చూస్తున్నాడేమోనని చిటికెన వేలిని చీర మడతల్లోకి దాచింది.

తరవాతి పేరు పోతమ్మదే. ఆమె వచ్చి బల్ల మీద పడుకుంది. సీతాలు గంప వరండా మెట్ల మీద దించుకుని గుమ్మంలో నిలబడింది. ఇక్కడ కృపావతి చెయ్యి డబ్బా మీద ఆగిపోయింది. మూడు వేళ్ళు ముంచితే కొలత మారుతుంది, పాత దొంగతనం బయటపడుతుంది, ఇప్పుడే దేవుడి మీద పెట్టిన సాక్ష్యం అబద్ధమవుతుంది. చిటికెన వేలే ముంచితే ఎవరికీ ఏమీ తెలీదు. పోతమ్మ గోడకి కూర్చునే ఉంటుంది. బోట్ల చప్పుడు వింటూనే ఉంటుంది.

మంచి మనిషైతే మూడు వేళ్ళు ముంచేది. కృపావతి చిటికెన వేలు ముంచింది.

"ఆగు," అంది పోతమ్మ. పడుకున్నదల్లా మోచేతి మీద లేచింది. "ఆయమ్మా, నాకన్నా ముందు ఈ గదిలోంచి గాజులమ్మగారు వొచ్చీసింది. తుడుసుకుంటే తువ్వాలు సగం తడిసిపోనాది. నాను బెంచీ మీదే కూకుని సూసినాను. మరి నాకేటి, పసిపిల్లకి తేనె నాకించినట్టు సిటికెనేలు?"

"అది... ఒంటిని బట్టి..." అంది కృపావతి.

"ఒంటిని బట్టా, గాజుల్ని బట్టా?"

డాక్టరు పిడి పక్కన పెట్టేశాడు. పోతమ్మ ఆయన వైపు తిరిగింది. చాలా రోజుల తరవాత ఆమె గొంతు గొంతులా ఉంది.

"బాబూ, నీకు సదువుంది, నాకు సేపుంది. సేప మెత్తగుందా గట్టిగుందా సూడాలంటే బొటనేలు ఇలగ ఆనిత్తాం. నొక్కం. నొక్కితే ఎంత కండున్న సేపయినా పల్సగైపోద్ది, మెత్తదనం పక్కకి పారిపోద్ది. హార్బర్లో కొత్తగా ఏలం పాటకొచ్చినోళ్ళు నొక్కేసి మోసపోతారు. నువ్వు మొన్న నన్ను నొక్కేసినావు. ఎందుకు నొక్కినావు? బొమ్మ రాక. బొమ్మ ఎందుకు రాదు? ఈవిడ జిడ్డు రాయక. ఇప్పుడు సెప్పు, తక్కువయినాది నా కండా, ఈవిడ సెయ్యా?"

డాక్టరు కృపావతి వైపు చూశాడు. కృపావతి డబ్బా వైపు చూసింది. డబ్బా నిండుగా ఉంది, క్రిస్మస్ దాటి ఈస్టర్ దాకా వచ్చేలా ఉంది.

"అవునండి," అంది కృపావతి చివరికి. "రేవు వాళ్ళకి చిటికెన వేలే రాసేనండి. ఈవిడకి అందులో సగం."

జీవితంలో ఆవిడ గట్టిగా ఒప్పుకున్న మొదటి తప్పు అదే. ఒప్పుకున్నాక ఏదో గొప్ప పని చేసినట్టు కాసేపు ఛాతీ విరుచుకుని నిలబడింది కూడా. చూసేవాళ్ళెవరూ లేకపోయారు. డాక్టరు అప్పటికే డబ్బా లాక్కుని పోతమ్మ తొడ మీద జెల్లీ గుట్టగా పోస్తున్నాడు.

ఈసారి పిడి తేలింది. నొక్కకుండానే బొమ్మ వచ్చింది. పోతమ్మ తల తిప్పి టీవీ చూసింది.

"అది తోలు. కింద నల్లగా సన్నంగా ఉన్నాది కొవ్వు. దాని కింద సారలు సారలుగా ఉన్నాదే కండ. అడుగున తెల్లగీత ముల్లు. అవునా?"

"అవును, ఎముక. మీకెలా తెలిసింది?" అన్నాడు డాక్టరు.

"వంజరం అడ్డంగా కోత్తే ఇలగే ఉంటాది బాబూ. ఎప్పట్నించి కోత్తన్నాను!"

డాక్టరు కొలిచాడు. రెండోసారి కొలిచాడు. మూడోసారీ కొలిచాడు. మూడుసార్లూ ఒకటే వచ్చింది. "కండ మూడూ ఒకటి. కొవ్వు అర సెంటీమీటరు. నేను చూసినవాళ్ళలో మీ వయసు వాళ్ళకి ఇంత ఎవరికీ లేదు." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆ రోజు తక్కువ కొలత చూసి అలా మాట్లాడకుండా ఉండాల్సింది. కండ మందం ఒక్కటే చూసి బలం తక్కువని చెప్పకూడదు. తప్పు నాదీ ఉందమ్మా. మీ అబ్బాయికి కాగితం రాసిస్తాను."

"రాయి బాబూ. పెద్దచ్చరాలతో రాయి. ఆడి క్వార్టర్లో గోడకి అంటిత్తాను."

ఇక్కడితో నోరు మూసుకుని ఉంటే కృపావతికి పరువు కాస్తయినా మిగిలేది. కానీ ఒకరిని మెచ్చుకుంటుంటే పక్కన నిలబడి వినే ఓపిక ఆవిడకి పుట్టుకతో లేదు. "మూడూ ఒకటేగా! నాది మూడూ నాలుగు," అని సంచిలోంచి బైబిలు తీసి, కీర్తనల్లోంచి బొమ్మ తీసి పోతమ్మ చేతిలో పెట్టింది.

పోతమ్మ దాన్ని వెలుతురుకి పెట్టి చూసింది. అటు తిప్పి చూసింది. నోట్లో నవ్వు ఆపుకోవడానికి చెంగు కుక్కుకుంది.

"ఓలమ్మో! ఆయమ్మా, ఇది తోలు. ఈ ఎడల్పుది ఉందే, నువ్వు మురిసిపోతన్నాది, అది కొవ్వే తల్లీ. నీ కండ ఇదిగో, అడుగున, నెత్తల్లి సేప పిల్లంత. కొవ్వు కింద నలిగిపోయి, 'నన్నెవరైనా బయటికి లాగండర్రా' అని ఏడుత్తన్నాది."

గుమ్మంలో సీతాలు పకపకా నవ్వేసింది. నెలరోజుల్లో ఆ పిల్ల నవ్వడం అదే మొదలు. కృపావతి డాక్టరు వైపు చూసింది, ఏదైనా అడ్డం పడతాడేమోనని.

"పైది కొవ్వనే చెప్పబోయాను ఆయమ్మా, మీరు వెళ్ళిపోయారు," అన్నాడు డాక్టరు ఎంతో మర్యాదగా. "కండ ఒకటీ ఎనిమిది."

ఒకటీ ఎనిమిది. చిటికెన వేలితో, నొక్కి పట్టి కొలిచిన పోతమ్మకైనా ఒకటీ తొమ్మిది వచ్చింది. కృపావతికి ఆ బొమ్మ చూసిన మొహాలన్నీ ఒక్కొక్కటే కళ్ళ ముందుకొచ్చాయి. అప్పలమ్మ, కాశమ్మ, పాస్టరుగారి భార్య. తన కొవ్వుని కీర్తనల మధ్య పెట్టుకుని ఊరంతా ఊరేగించింది. ఆవిడ బొమ్మ తీసుకుని మళ్ళీ బైబిల్లో పెట్టబోయి, ఆగి, జాకెట్టులో దోపుకుంది.

డాక్టరు ఇచ్చిన కాగితం మడిచి రొంటిన పెట్టుకుని పోతమ్మ వరండాలోకి వచ్చింది. సీతాలు అడక్కుండానే చుట్టకుదురు ఆమె చేతిలో పెట్టేసి, మెడ అటూ ఇటూ తిప్పుకుంటూ, "తీసుకో అత్తా, తల్లీ, బతికిపోనాను," అంది. పోతమ్మ ఆ గుడ్డ విప్పి దులిపి మళ్ళీ తన పద్ధతిలో చుట్టుకుంది. నెత్తి మీద పెట్టుకుంది. కాసేపు అలాగే నిలబడింది, ఉత్త చుట్టకుదురుతో.

మెట్ల మీద గంప ఉంది. పక్కనే సీతాలు ఉంది. కోడలే చెయ్యి వేస్తుంది కదా అని కృపావతి గోడవారనే లోపలికి జారుకోబోయింది.

"ఆయమ్మా."

కృపావతి ఆగింది.

"ఇలగ రా. సీతాలు కాదు, నువ్వే సెయ్యెయ్యి. ఇయ్యాల్టికే కాదు. రేపట్నించి పొద్దున్న ఏడుగంటలకి మీ సందు మొగలో నిలబడు. నాను గంప అక్కడే దించుతాను. బేరాలైనాక నువ్వే ఎత్తాల. నాకు ఎత్తడానికో సెయ్యి కావాల, నీ అడుగుపట్టీకో పని కావాల. నడుం పట్టేసిందని మాత్రం సెప్పకు. ఆ మాట గాజువాక బస్సు కాడే ఇన్నాను."